ఆవిడకి ఏమిష్టమో అడగండి

మీరు అడిగింది ఇదీ: "మా అమ్మమ్మ పోయి నలభై రోజులైంది. కుట్లు, పాటలు, మొక్కలు, పుస్తకాలు... ఆవిడకి ఎన్నో సరదాలు. సంవత్సరీకం నాటికి ఆవిడ గురించి రాసి ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇలాంటిది చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నేను చేశానండి. మా అమ్మమ్మ 2019లో పోయింది. గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున, సఖినేటిపల్లికి ఎగువన ఒక లంక ఊరు వాళ్ళది. మీరు ఎక్కడ ఆగిపోయారో నేనూ అక్కడే ఆరు నెలలు ఆగిపోయాను. కాబట్టి నాకు దారి ఎలా దొరికిందో చెప్తాను. ఇది మా అమ్మమ్మ కథ అవుతుంది, కానీ మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను.

పెద్దకర్మ రోజు పందిట్లో కూర్చున్నవాళ్ళంతా అమ్మమ్మ గురించి మాట్లాడారు. "ఎంత ఓర్పు తల్లీ ఆవిడకి", "ఎంతమందికి పెట్టిన చెయ్యి", "ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగదు" అన్నారు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వింటుంటే నాకు లోపల ఎక్కడో కష్టమనిపించింది. వాళ్ళు చెప్పినవన్నీ ఆవిడ మనకి చేసినవే. మనకి పెట్టింది, మన కోసం ఓర్చుకుంది. తన కోసం ఏం చేసుకుందో ఒక్కరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. మర్నాడు ఆవిడ ట్రంకు పెట్టె తెరిస్తే ఆ మనిషి అందులో కనిపించింది.

పెట్టెలో లేసు ముక్కలు, మూడు నోటు పుస్తకాలు, తపాలా బిళ్ళలు అంటించిన ఒక పాత డైరీ, రేడియో లైసెన్సు పుస్తకం ఉన్నాయి. నేను రాసిందంతా వాటిలోంచే వచ్చింది.

ముందు లేసు గురించి చెప్పాలి. అమ్మమ్మ పుట్టిల్లు ఏటికి అవతల, నరసాపురం దగ్గర. ఆ వైపు లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పింది. కులంతో, మతంతో పని లేకుండా ఇంటింటికీ పాకిపోయింది. నరసాపురం లేసుకి 2024లో జి.ఐ. గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు ఇదని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) వచ్చిందని పేపర్లో చూసినప్పుడు, ఐదేళ్ళు ముందు వచ్చి ఉంటే ఆవిడకి చదివి వినిపించేదాన్ని కదా అనుకున్నాను. ఎనిమిదేళ్ళకే చేతికి సూది ఇచ్చారట. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేవాడు. అల్లిన పువ్వుల్ని మళ్ళీ తూకం వేసి తీసుకునేవాడు. ఒకరు పువ్వులు అల్లితే అది చేతిపని, ఆ పువ్వుల్ని ఇంకొకరు కలిపితే అది అతుకుపని. కాబట్టి అల్లినవాళ్ళకి మొత్తం దుప్పటి ఎలా తయారైందో కంటితో చూసే అవకాశమే ఉండేది కాదు. అమ్మమ్మకి జీవితాంతం మిగిలిపోయిన బాధ అదే. "ఏడేళ్ళు పువ్వులే అల్లానే. తోట చూడలేదు" అనేది. ఒకసారి ముక్కల మీద చెమట మరక పడిందని వారం రోజుల కూలి విరగ్గోశారట. అరవై ఏళ్ళ తర్వాత చెప్పేటప్పుడు కూడా ఆవిడ గొంతు మారిపోయేది.

పెళ్ళై లంకకి వచ్చాక కూలి లేసు మానేసింది. సూది మాత్రం మానలేదు. నరసాపురం వెళ్ళే పడవలో ఎవరున్నా దారం ఉండ తెమ్మని డబ్బులిచ్చేది. ఇక అప్పటినుంచి చేతిపనీ తనదే, అతుకుపనీ తనదే. మొదట అల్లింది రేడియో మీద కప్పే ముసుగు, తర్వాత తలుపు తెర, తర్వాత మా అమ్మ పెళ్ళికి పెద్ద దుప్పటి. ఆ దుప్పటికి రెండేళ్ళు పట్టింది. మా అమ్మ దాన్ని ఇప్పటికీ ఎవరినీ ముట్టుకోనివ్వదు. అమ్మమ్మ నోట ఎప్పుడూ రెండు మాటలు వినిపించేవి: "కూలి లేసు", "నా లేసు". చిన్నప్పుడు ఆ రెండిటికీ తేడా నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఆవిడ గురించి ఒక్క మాట చెప్పమంటే ఆ తేడానే చెప్తాను.

ఆవిడ ఇదంతా ఎప్పుడు చేసేదంటే, మధ్యాహ్నం. భోజనాలయ్యి, అంట్లు తోమి, ఆవు పాలు పితికే వేళ వరకు మధ్యలో రెండు గంటలు ఉంటాయి కదా, అవి. ఆ టైములో తాతయ్య కూడా పిలిచేవాడు కాదు. ఎవరైనా చుట్టాలొచ్చి నిద్రపోతోందేమో అనుకుంటే, "లేదండి, ఆవిడ పనిలో ఉంది" అనేవాడట. దాన్ని పని అన్నందుకు తాతయ్య అంటే నాకు గౌరవం.

ఇక రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది కానీ మా వాళ్ళింటికి ట్రాన్సిస్టరు వచ్చింది 1968లో. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఆ లైసెన్సు తాతయ్య అమ్మమ్మ పేరు మీద తీశాడు. పొలం, ఇల్లు, రేషను కార్డు అన్నీ తాతయ్య పేరు మీదే ఉండేవి. ప్రభుత్వం ముద్ర వేసి ఆవిడ పేరు రాసిన కాగితం ఆ ఇంట్లో అదొక్కటే అయ్యుంటుంది. అందుకే దాచుకుందని నా నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం నాటకం వస్తే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. సెల్స్ అయిపోవస్తుంటే శనివారం అంతా వాటిని ఎండలో పెట్టేది. అలా పెడితే నాటకం పూర్తయ్యేదాకా మాత్రం వస్తాయి. నోటు పుస్తకాల్లో ఒకటి ఆ నాటకాల లెక్క. తారీఖు, నాటకం పేరు, దాని పక్కన ఆవిడ అభిప్రాయం ఒక్క ముక్కలో రాసి ఉన్నాయి. "బాగుంది." "బాగా ఏడిపించారు." "ఆడపిల్ల అలా అనదు." "చివర తొందరపడ్డారు." చదివింది ఐదో తరగతి. నాకు ఎం.ఏ. ఉంది, నేను రాసిన ఏ సమీక్షా ఇంత సూటిగా లేదు. కొన్నిచోట్ల పేరు కూడా లేదు, "సుబ్బారావుగారు" అని మాత్రం ఉంది. అంటే ఆ రోజు రేడియో నాటకాల నండూరి సుబ్బారావుగారి గొంతు వినిపించిందని. ఆవిడకి అది చాలు. తెర మీద మనుషుల్ని చూస్తే ముఖం చూసి నమ్మేస్తామట, గొంతు అబద్ధం చెప్పదట. టీవీ వచ్చాక కూడా ఆవిడ టీవీకి వీపు పెట్టి కూర్చుని సీరియళ్ళు వినేది. మేం ముందుకి తిరగమంటే తిరిగేది కాదు.

1986 ఆగస్టు వరద సంగతి మా అమ్మ చెప్పింది, నేనప్పటికి రెండేళ్ళదాన్ని. లంకలన్నీ మునిగిపోయాయి. నీళ్ళు గుమ్మం దాటుతుంటే తాతయ్యా మామయ్యలూ ధాన్యం బస్తాలు అటక మీదికి ఎక్కిస్తున్నారు. అమ్మమ్మ రేడియోని, ఈ ట్రంకు పెట్టెని, తాను చించి కుట్టుకున్న సీరియళ్ళ పుస్తకాల్ని మోసిందట. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని వారం వారం చించి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసి పుస్తకాలు చేసుకునేది. దాదాపు ముప్పై ఉండేవి. బియ్యం తడుస్తుంటే కాగితాలు మోస్తావేమిటని ఎవరో అరిచారట. "బియ్యం మళ్ళీ పండుతాయి" అందట అమ్మమ్మ.

వరద వదిలేసిన ఆ పుస్తకాలు మనుషుల చేతిలో పోయాయి. 2005లో ఇంటికి సున్నం వేయిస్తూ, అటక ఖాళీ చేస్తూ, మా వాళ్ళే పాత పేపర్లతోపాటు తూకానికి వేసేశారు. నేను అక్కడే ఉన్నాను. మోసుకెళ్ళి గుమ్మంలో పెట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అవి ఏమిటో తెలిసి కూడా ఒక్క మాట అనలేదు, ఎందుకంటే అందరూ తొందరలో ఉన్నారు. అమ్మమ్మ గుడి నుంచి వచ్చి అటక చూసింది. ఎవర్నీ ఏమీ అనలేదు. రెండు రోజులు సూది పట్టుకోలేదు, రేడియో పెట్టలేదు. మూడో రోజు నా తలకి నూనె రాస్తూ, "వాళ్ళకి తెలీదులే" అంది. నాకు తెలుసు కదా. ఇది రాస్తుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తున్నాయి.

రెండో నోటు పుస్తకం ముగ్గులది. ఇది మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మమ్మగారి దగ్గరా ఇలాంటిది ఉండే అవకాశం ఎక్కువ. ప్రతి పేజీ పైన లెక్క ఉంటుంది: "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క." అంటే మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటే తగ్గించుకుంటూ 8 దగ్గర ఆగాలి. "15 చుక్కలు, 1 వరకు, ఎదురు చుక్క" అంటే చుక్కకి ఎదురుగా చుక్క, వరుసకి రెండేసి తగ్గుతాయి. మామూలుగా పుస్తకాల్లో ఇంతే ఉంటుంది. అమ్మమ్మ దాని కింద మొత్తం చుక్కలెన్నో కూడా రాసేది. మొదటిదానికి 169, రెండోదానికి 113. నాకు మూడో తరగతిలో కూడికలు రాకపోతే బడి పుస్తకం పక్కన పడేసి, వీధి గుమ్మంలో చుక్కలు పెట్టించి లెక్క పెట్టమంది. పదిహేను, దానికి అటూ ఇటూ పద్నాలుగేసి, పదమూడేసి... అలా 169 వచ్చేదాకా లేవనివ్వలేదు. ఆ లెక్క ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఊరికే తెలుసుకోవాలనిపించి తనే కనిపెట్టుకుంది.

ఒకే ముగ్గు రెండుసార్లు వేయకూడదని ధనుర్మాసంలో పట్టుదల. అందుకని వేసిన ముగ్గు పక్కన సంవత్సరం పేరు రాసి పెట్టేది. అక్షయ, ప్రభవ, విభవ... ఇంగ్లీషు సంవత్సరాలు ఆవిడకి పట్టవు. తను పుట్టింది ధాత నామ సంవత్సరం అనేది, మేం లెక్క కట్టుకుంటే 1936 వచ్చింది. సరిగ్గా అరవై ఏళ్ళకి, 1996లో ధాత మళ్ళీ వచ్చింది. ఆ నవంబరు 6న, దీపావళి ముందు, తుఫాను కోనసీమని తుడిచిపెట్టింది. కొబ్బరి చెట్లు తలలు తెగి పడ్డాయి. ఆ ఏటి ధనుర్మాసం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఒక్క పేజీలో మాత్రం "ధాత. ముగ్గు వేయలేదు. చెట్లు లేవు" అని ఉంది. దొడ్లో ఎన్ని చెట్లు పడ్డాయో అడిగితే తాతయ్య సంఖ్య చెప్పేవాడు. అమ్మమ్మ ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

మొక్కల పిచ్చి కూడా ఉంది, కానీ దాని గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే ఆ వైపు మొక్కల పిచ్చి లేని మనిషి లేరు. 2003 పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళి వస్తూ కడియం నర్సరీల దగ్గర ఆగాం. అన్నీ తిరిగి చూసింది, ఒక్కటీ కొనలేదు. అడిగి తెచ్చుకున్న కొమ్మకే వేళ్ళు బాగా వస్తాయని ఆవిడ గట్టి నమ్మకం.

డైరీలో బిళ్ళల సంగతి మాత్రం చెప్పి తీరాలి. మా గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు ఎంతమంది కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళల్లో పని చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. మా అమ్మమ్మ వీధిలోంచి కూడా వెళ్ళారు. వాళ్ళ తల్లులకి చదువు రాదు. ఉత్తరం వస్తే "పిన్నిగారండీ, కాస్త చదివి పెట్టండి" అంటూ మధ్యాహ్నం అరుగు మీదికి వచ్చేవారు. చదివాక జవాబు కూడా అమ్మమ్మే రాసేది. నేను పక్కన కూర్చుని చూసిన సంగతి ఒకటుంది. ఒకావిడ కూతురికి రాయించాలని వచ్చి, కూర్చోగానే ఏడుపు మొదలుపెట్టింది. ఏం రాయమంటావంటే ఏడుపే తప్ప మాట లేదు. అమ్మమ్మ పెన్ను కింద పెట్టి కాసేపు ఊరుకుంది. తర్వాత, "అంత దూరాన ఉన్న పిల్లకి నీ ఏడుపు ఒక్క లైను చాలమ్మా. అంతకన్నా ఎక్కువ రాస్తే అది అక్కడ తట్టుకోలేదు. మిగతా కాగితమంతా దూడ సంగతి రాద్దాం, గుమ్మడి పాదు ఇంటి మీదికి పాకిందని రాద్దాం. అవి చదివితే ఇల్లు కళ్ళకి కనిపిస్తుంది" అంది. అలాగే రాసింది. ఆ కూతురు పదకొండేళ్ళ తర్వాత తిరిగొచ్చి, ఆ ఉత్తరాలన్నీ కట్ట కట్టి తెచ్చుకుని, అమ్మమ్మకి చూపించింది.

ఉత్తరం రాసినందుకు అమ్మమ్మ డబ్బు తీసుకునేది కాదు. కవరు మీద బిళ్ళ మాత్రం అడిగి తీసుకునేది. నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి, డైరీలో అన్నం మెతుకుతో అంటించి, కింద ఎవరి ఉత్తరం మీదిదో రాసుకునేది. తపాలా బిళ్ళలు దాచడం ఒక హాబీ అని, దానికి పుస్తకాలూ సంఘాలూ ఉంటాయని నేను చెప్తే ఆశ్చర్యపోయింది. "బిళ్ళ కోసం కాదే, ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో గుర్తుకి" అంది. ఫోన్లు వచ్చి ఉత్తరాలు ఆగిపోయాయి. ఊరందరికీ సంతోషమైంది. ఆవిడకి మాత్రం మధ్యాహ్నాల్లో కొంత ఖాళీ అయిపోయింది. ఆ తర్వాతే పేపర్లో గళ్ళనుడికట్టు పట్టుకుంది, డెబ్బై దాటాక, కంటి ఆపరేషన్ అయ్యాక, భూతద్దంతో. మూడో నోటు పుస్తకం అదే, తెలియని మాటలన్నీ ఎక్కించుకున్నది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఇవన్నీ నోటు చేసుకున్నాక కూడా నా రాత కదల్లేదు, ఎందుకంటే తెలిసినవాళ్ళందరినీ "అమ్మమ్మ ఎలాంటిది?" అని అడిగాను. ఎవరిని అడిగినా పెద్దకర్మ రోజు మాటలే మళ్ళీ చెప్పారు. విసుగొచ్చి ఒకసారి ప్రశ్న మార్చాను. అమ్మమ్మ కన్నా రెండేళ్ళు చిన్నదైన పక్కింటి మామ్మగారిని, "మా అమ్మమ్మకి ఏమిష్టమండీ?" అన్నాను. ఆవిడ కాసేపు నవ్వి, "ఈత" అంది.

మాకెవరికీ తెలియదు. మా అమ్మకి కూడా తెలియదు. పెళ్ళైన కొత్తల్లో, వేసవిలో పాయ సన్నబడ్డాక, తెల్లవారకుండా నలుగురు ఆడవాళ్ళు రేవుకి వెళ్ళేవారట. మిగతావాళ్ళు మొల లోతులో మునిగి వచ్చేసేవారు. అమ్మమ్మ మాత్రం అవతల ఇసుక తిప్ప దాకా ఈదేది. తిప్ప మీద పాదుల్లోంచి ఒక దోసకాయ కోసుకుని, చీర చెంగులో ముడేసుకుని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేది. పాదులవాళ్ళకి తెలుసు, ఏమీ అనేవారు కాదు. మామ్మగారు చెప్తూ చెప్తూ, "నీళ్ళలో ఉంటే మీ అమ్మమ్మ పాటలు పాడేదమ్మా, ఒడ్డుకొస్తే నోరు విప్పేది కాదు" అంది. ఆ రాత్రే నేను మొదటి పేజీ రాశాను. మా అమ్మమ్మ గురించి నా పుస్తకం ఆ దోసకాయతో మొదలవుతుంది.

కాబట్టి మీరు కూడా ఇంట్లోవాళ్ళని కాకుండా ముందు ఆవిడ ఈడువాళ్ళని అడగండి, అదీ త్వరగా. మేం మాట్లాడిన మరుసటి ఏడాదే మామ్మగారు పోయారు. ఆవిడ గొంతు ఫోనులో రికార్డు చేసి ఉంచాను. మా అమ్మమ్మ గొంతు మాత్రం మా దగ్గర లేదు. గొంతు అబద్ధం చెప్పదన్న మనిషి గొంతు ఒక్క నిమిషం కూడా దాచుకోలేకపోయాం. మీ వాళ్ళ ఫోన్లలో పాత వీడియోలు ఉంటే, పెళ్ళి వీడియో అయినా, వెనకాల ఎక్కడో ఆవిడ మాట వినిపిస్తుందేమో అన్నీ వినండి.

ఇంకో సంగతి. ఆవిడ చేసినవాటిలో ఒక్కటి మీ చేత్తో చేసి చూడండి. నేను లేసు నేర్చుకుంటున్నాను. నాలుగేళ్ళైనా నా పువ్వు గుండ్రంగా రాదు, అంచులు పైకి లేస్తాయి. కానీ దారం చూపుడువేలికి చుట్టుకుని అరగంట కూర్చుంటే, ఆవిడ మెడ ఎందుకు కాస్త ఎడమకి వంచేదో నాకు అర్థమైంది. అది ఎంత రాసినా తెలిసేది కాదు.

నోటు పుస్తకాలు దొరికితే ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకండి. మన వైపు చెమ్మకి లోపల బూజు పట్టేస్తుంది. పెన్సిలు రాత అయితే ముందు ప్రతి పేజీకి ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ముగ్గురి దగ్గర ఉంచండి. తర్వాత ఉతికిన పాత నూలు చీర ముక్కలో చుట్టి, మధ్య మధ్య ఎండిన వేపాకు వేసి పెట్టండి. ఏడాదికోసారి, వానలు వెళ్ళాక, నీడన ఆరబెట్టి వేపాకు మార్చండి. అమ్మమ్మ పెట్టె తెరిచినప్పుడు మాకు ముందు వచ్చింది ఆ వేపాకు వాసనే.